నాగూర్ వలి కుడిచేతి మిల్లు

నేలకోట ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డు మెట్ల మీద కూర్చుని నాగూర్ వలి ఆ మంగళవారం ఉదయం స్టీలు పైపు కోసుకుంటున్నాడు. తానొక మిల్లు యజమాని అన్న సంగతి అప్పటికి అతనికి తెలియదు.

నాగూర్ వలిది రెయిలింగుల పని. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో మేడలకీ మెట్లకీ కమ్ములు బిగిస్తున్నది అతనే. హాక్సా బ్లేడు లాగి లాగి కుడి భుజం అరిగిపోయింది. చొక్కా తొడుక్కోవాలంటే పెళ్ళాం కాశింబీ వచ్చి చెయ్యి పట్టుకోవాలి. "ఇంకో ఏడాది ఇలాగే కోశావంటే ఆ చెయ్యి నీది కాదనుకో" అని డాక్టరు చెప్పాక కాశింబీ ఊరుకోలేదు. పోరు పెట్టి బ్యాటరీ రంపం కొనిపించింది. దానికి వైరు లేదు, ప్లగ్గు లేదు. రెండు చక్రాల మీద సన్నటి పళ్ళ పట్టీ ఒకటి గిరగిరా తిరుగుతుంది. పైపు మీద పెట్టి మీట నొక్కితే దోసకాయ తరిగినట్టు తరిగేస్తుంది. భుజానికి పనే లేదు.

ఆసుపత్రి పని దొరికిందీ ఆ రంపం వల్లే. పాత కమ్ములు తుప్పు పట్టి ఊడిపోతే నిండు నెలల ఆడవాళ్ళు గోడ తడుముకుంటూ మెట్లెక్కుతున్నారు. కొత్తవి వేయించాలని హెడ్ నర్సు సువార్తమ్మ సిస్టర్ ఎందరినో పిలిచి అందరినీ వెనక్కి పంపించేసింది. "ఈ గోడలో ఆక్సిజన్ పైపులున్నాయి. నిప్పురవ్వ లేచిందంటే మర్యాద దక్కదు. గ్రైండరు వద్దు, వెల్డింగు వద్దు. లోపల పసిగుడ్లు పడుకున్నారు, చప్పుడు అసలే వద్దు" అని ఆవిడ షరతు. నాగూర్ వలి తన రంపంతో ఒక ముక్క కోసి చూపించాడు. రవ్వ లేవలేదు, బిడ్డ లేవలేదు. పని అతనికే ఇచ్చింది. కోసిన పైపుల్ని బోల్టులతో బిగించుకుంటూ వస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే వామనమూర్తిగారు మెట్లెక్కుతూ వచ్చారు. పేరు వామనుడిదే గాని మనిషి ఆరడుగుల పైన రెండంగుళాలు. మేనకోడలు పురిటికి వస్తే క్యారేజీ తెచ్చారు. మలుపు దగ్గర ఆగి రంపాన్ని కిందినుంచి మీదికీ, మీదినుంచి కిందికీ చూశారు.

"ఏమిటయ్యా ఇది?"

"బ్యాండ్ సా అంటారు సార్. పైపులు కోసేది."

వామనమూర్తిగారు ఇంకో మెట్టు దగ్గరికి జరిగారు. "మళ్ళీ చెప్పు."

"బ్యాండ్ సా సార్."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్యారేజీ మెట్టు మీద పెట్టేసి, నాగూర్ వలి రెండు చేతులూ పట్టుకుని, "ఎనిమిదేళ్ళయింది నాయనా! ఎనిమిదేళ్ళయింది!" అన్నారు.

విషయమేమిటంటే, వామనమూర్తిగారు దారుచ్ఛేదన యంత్ర నియంత్రణ మండలిలో క్షేత్ర పర్యవేక్షకులు. జనం నోరు తిరక్క దాన్ని రంపాలాఫీసు అంటారు. చెట్లను కాపాడటానికి రంపపు మిల్లుల మీద నిఘా పెట్టడం ఆ ఆఫీసు పని. మిల్లుల్లో దుంగలు కోసే పెద్ద రంపాన్నీ బ్యాండ్ సా అనే అంటారు. నేలకోటలో ఆఖరి మిల్లు ఎనిమిదేళ్ళ కిందట మూతపడింది. అప్పటినుంచి ఆఫీసులో ఆరుగురు కలిసి లేని మిల్లుల్ని తనిఖీ చేస్తున్నారు. ఈ మధ్యే పైనుంచి తాకీదు వచ్చింది: నెలాఖరులోగా ఒక్క మిల్లయినా చూపించకపోతే ఆఫీసు ఎత్తేస్తామని.

గంట తిరక్కుండా నాగూర్ వలి రంపంతో సహా ఆఫీసులో ఉన్నాడు. సహాయ సంచాలకురాలు హైమవతిగారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి, నిలబడి చదివారు.

"నిబంధన మూడు. కంకణాకార దంతపట్టీ కలిగిన యంత్రము ఎచ్చట ఉండునో అచ్చట దారుచ్ఛేదన కేంద్రము, అనగా మిల్లు, కలదని భావించవలెను." పుస్తకం మూశారు. "శుభాకాంక్షలు. మీరు మిల్లు యజమాని."

"నేను చెక్క కొయ్యను మేడమ్. దీంతో చెక్క కొయ్యాలన్నా సరిగ్గా తెగదు. ఇది ఇనుముకి."

"మీరు ఏం కోస్తారన్నది నిబంధన అడగలేదు. ఏముందన్నదే అడిగింది. పట్టీ ఉందా?"

"ఉంది."

"దంతాలున్నాయా?"

"ఉన్నాయి."

"మరింకేం?" ఆవిడ గొంతు కాస్త తగ్గించారు. "లైసెన్సు లేకుండా నడిపితే యంత్రం స్వాధీనం చేసుకోవాలి. లైసెన్సు తీసుకుంటే మీకూ క్షేమం, మాకూ క్షేమం."

స్వాధీనం అన్న మాట వినగానే నాగూర్ వలి చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. మళ్ళీ హాక్సా పట్టుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. "ఎక్కడ సంతకం పెట్టమంటారు?" అన్నాడు.

దరఖాస్తు నింపుతూ వామనమూర్తిగారు ఒకచోట ఆగిపోయారు. "మిల్లు చిరునామా?"

"ఇల్లు రాయండి సార్."

"అది యజమాని చిరునామా. మిల్లు ఎక్కడుంటుంది?"

"నా చేతిలో ఉంటుంది."

"ఏ చేతిలో?"

నాగూర్ వలి ఆలోచించాడు. "మామూలుగా కుడి చేతిలో."

హైమవతిగారు తలూపారు. లైసెన్సు మీద, చిరునామా అన్నచోట, 'దరఖాస్తుదారుని కుడిచేయి' అని ఎర్ర సిరాతో రాసి, గుండ్రటి ముద్ర వేసి, రెండు చేతులతో అందించారు. షరతులు పదకొండు. మిల్లుకి నలువైపులా ఆరడుగుల ప్రహరీ ఉండాలి. బోర్డు ఉండాలి. పని మొదలెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ సైరన్ మోగాలి. కోసిన దుంగల లెక్క రోజూ పుస్తకంలో ఎక్కించాలి. పర్యవేక్షకుడు ఎదుట లేనిదే పళ్ళు తిరగకూడదు.

సాయంత్రం కాశింబీ లైసెన్సుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమయ్యా, పొద్దున పైపులు కొయ్యడానికి పోయినవాడివి మిల్లు పెట్టుకుని వచ్చావా?"

"నేను పెట్టలేదే. ఉందంట."

"ప్రహరీ ఎక్కడ కడతావు, నీ మోచేతి చుట్టూనా?"

ఎగతాళికే అన్నది గాని, అన్నాక ఆమెకే దారి తోచింది. నాలుగు పాత దుప్పట్లు వరసగా కుట్టి, మూలకొక గెడ కట్టింది. మర్నాడు రంపాలాఫీసు బంట్రోతులు నలుగురూ తలా ఒక గెడ పట్టుకుని నిలబడితే, మధ్యలో నాగూర్ వలి, అతని మెడలో 'సంచార మిల్లు నం. 1' అన్న రేకు బోర్డు. వామనమూర్తిగారు మీటరు టేపుతో ప్రహరీ ఎత్తు కొలిచి, ఒక బంట్రోతుని మునివేళ్ళ మీద నిలబడమని చెప్పి, సంతృప్తి పడ్డారు.

సైరన్ దగ్గర పేచీ వచ్చింది.

"నా వార్డులో సైరనా?" సువార్తమ్మ సిస్టర్ నడుం మీద చేతులేసుకుంది. "మోగించి చూడండి. ఆ తర్వాత మీరే ఏ వార్డులో ఉంటారో చూద్దురుగాని."

"అమ్మా, నిబంధన తొమ్మిది ప్రకారం ధ్వని తప్పనిసరి. కాకపోతే ఎంత ధ్వని అన్నది చెప్పలేదు," అన్నారు వామనమూర్తిగారు. ఆయనే దుప్పటి వెనక్కి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కూ" అన్నారు, చెవిలో రహస్యం చెప్పినట్టు. పని మొదలైంది.

కాన్పుల వార్డు మెట్ల మీద అలా దుప్పట్లు అడ్డం కట్టి, లోపలినుంచి సన్నగా గుర్రుమన్న చప్పుడూ, మధ్యమధ్య "నిదానం, నిదానం... వచ్చేసింది" అన్న మాటలూ వినిపిస్తే జనం ఏమనుకుంటారు? అర గంటలో మెట్ల నిండా ముసలమ్మలు పోగయ్యారు. నాగూర్ వలి చెమట తుడుచుకుంటూ కోసిన ముక్క చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసరికి ఒకావిడ ఆత్రంగా, "ఏ బిడ్డ నాయనా?" అంది.

"మూడున్నర అడుగుల పైపమ్మా," అన్నాడు నాగూర్ వలి.

మధ్యాహ్నానికి భుజం సలుపు పుట్టి అతను రంపం ఎడమ చేతికి మార్చాడు. "ఆగాగు!" అని వామనమూర్తిగారు దుప్పటిలోకి దూరారు. "మిల్లు ఎక్కడికి పోతోంది?"

"ఎక్కడికీ పోవట్లేదు సార్. ఈ చేతికి."

"అది వేరే చిరునామా! స్థల మార్పిడికి అనుమతి కావాలి."

ఆ కాగితం మీద హైమవతిగారి సంతకం పడేదాకా రెండు గంటలు పని ఆగింది. ఇకమీదట ఇబ్బంది లేకుండా, దరఖాస్తుదారుని ఎడమచేయిని మిల్లు అనుబంధ ప్రాంగణంగా గుర్తిస్తూ ఆవిడ ఉదారంగా ఉత్తర్వు ఇచ్చారు.

అసలు చిక్కు మెట్ల మలుపు తిరిగాక వచ్చింది. కింది మలుపులో నిన్న మిల్లు ఉంది. ఇవాళ పై మలుపులో ఉంది. నిబంధన ప్రకారం యంత్రం ఎక్కడుంటే అక్కడ మిల్లు. మరి నిన్నటి మిల్లు ఏమైంది? దాన్ని మూసినట్టు కాగితమేదీ లేదు. మూయని మిల్లు ఉన్నట్టే. కనుక ఇప్పుడు మిల్లులు రెండు. ఈ తర్కం కనిపెట్టినందుకు వామనమూర్తిగారిని హైమవతిగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. మర్నాటినుంచి ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, నాగూర్ వలి కాలు కదిపిన చోటల్లా గీత గీసి నంబరు వేయడం మొదలెట్టారు. నాగూర్ వలి పైపు కొలత కోసం మూడు మెట్లు దిగితే మూడు మిల్లులు. వారం తిరిగేసరికి అరవై మూడు.

లేని మిల్లులున్న ఆఫీసు ఒక్కసారిగా ఇన్ని మిల్లుల ఆఫీసు అయ్యేసరికి పైనుంచి అభినందన లేఖ వచ్చింది. హైమవతిగారు దానికి అద్దం కట్టించారు. బంట్రోతులకి మాత్రం గెడలు పట్టుకుని చేతులు పీకుతున్నాయి. నాగూర్ వలికి ప్రహరీ, బోర్డు, "కూ", కాగితం అన్నీ పూర్తయ్యేసరికి రోజుకి నాలుగు పైపుల కంటే తెగట్లేదు. ఐనా రంపం చేతిలోనే ఉంది, భుజం నిలబడింది, అల్లా దయ అనుకున్నాడు. కింది అంతస్తు కమ్ములు పూర్తయ్యాయి. పై అంతస్తులో ఆఖరి మలుపు ఒక్కటే మిగిలింది.

దుంగల పుస్తకం దగ్గర కథ అడ్డం తిరిగింది. రోజూ సాయంత్రం నాగూర్ వలి నిజాయితీగా 'కోసిన దుంగలు: లేవు' అని రాస్తున్నాడు. అరవై మూడు మిల్లులకీ విడివిడిగా, అరవై మూడుసార్లు. వారాంతపు నివేదిక పైకి వెళ్ళింది. నాలుగు రోజుల్లో జవాబు దిగింది. హైమవతిగారు సిబ్బందినందరినీ నిలబెట్టి చదివారు. నాగూర్ వలిని కూడా పిలిపించారు.

"నేలకోట పరిధిలో అరవై మూడు మిల్లులు పనిచేయుచున్నను ఒక్క దుంగయు లభ్యము కాకుండుటను బట్టి, సదరు పరిధిలోని వృక్షములన్నియు ఇదివరకే నరికివేయబడి నిశ్శేషమైనట్లు మండలి తీవ్ర విచారముతో గ్రహించినది. కావున ఒకటి: మిల్లులన్నింటికిని నేడే ముద్ర వేసి మూసివేయవలెను. రెండు: రక్షించుటకు వృక్షములు లేనందున రక్షణ కార్యాలయము సాయంత్రము అయిదు గంటలతో రద్దు."

కిటికీలోంచి లోపలికి చొచ్చుకొచ్చిన బాదం కొమ్మ మీదినుంచి ఒక ఆకు రాలి సరిగ్గా ఆ కాగితం మీద పడింది.

"మేడమ్," అన్నారు వామనమూర్తిగారు, "చెట్టు..."

"కనిపిస్తోందండీ," అన్నారు హైమవతిగారు, ఆకుని తీసి పక్కన పెడుతూ. "కాని ఉత్తర్వులో లేదు."

నలుగురు బంట్రోతులూ లక్కా కొవ్వొత్తీ పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. మెట్లకి ముద్రలేస్తే పేషెంట్లు ఎగురుకుంటూ పోవాలా అని సువార్తమ్మ సిస్టర్ చీపురు అందుకుంది. పరుగెత్తినవాళ్ళు అదే వేగంతో తిరిగొచ్చారు. టైము నాలుగు దాటింది. హైమవతిగారు ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పి, లైసెన్సు దగ్గర ఆగారు. ముఖం వికసించింది.

"అరవై మూడింటికీ మూలం ఈ లైసెన్సే. దీని చిరునామాకి ముద్ర వేస్తే అన్నిటికీ వేసినట్టే." నాగూర్ వలి వైపు చూశారు. "కుడి చెయ్యి చాపండి."

అతను హడలిపోయాడు. "మేడమ్, ఇది చెయ్యి!"

"తెలుసు. అనుబంధ ప్రాంగణం కూడా చాపండి."

వామనమూర్తిగారి చేతే వేయించారు. రెండు చేతులూ ముందుకి చేర్చి, వేళ్ళ కొసలనుంచి మోచేతులదాకా గుడ్డ చుట్టి, పైన ఎర్ర టేపు బిగించి, ముడి మీద లక్క కరిగించి, గుండ్రటి ముద్ర నొక్కారు. లక్క కాలుతుందేమోనని ఆయన ఊదుతూనే ఉన్నారు. మండలి ముద్ర పగలగొడితే ఆరు నెలలు జైలు. విప్పే అధికారం ఈ ఆఫీసు అధిపతికి మాత్రమే అని హైమవతిగారు పుస్తకంలోంచి చదివారు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి గోడ గడియారం అయిదు కొట్టింది. ఆఫీసూ లేదు, అధిపతీ లేదు. హైమవతిగారిని చేపల చెరువుల శాఖకి మార్చారు. ఆవిడ అద్దం కట్టిన అభినందన లేఖ సంకలో పెట్టుకుని ఆరింటి బస్సెక్కేశారు.

చేతులు జోడించిన మనిషిలా ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి కాశింబీ, "ఎవరికయ్యా అంత దణ్ణం?" అంది. సంగతి విన్నాక మాత్రం వీధిలోకొచ్చి గట్టిగా అరిచింది. "మిల్లు మూయమంటే మిల్లు మూయాలి గాని మా ఆయన్ని మూస్తారా? మీ చేతులు చల్లగుండ!" అరిచి అరిచి లోపలికొచ్చి, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నాగూర్ వలి రెండో ముద్దకే తల పక్కకి తిప్పేశాడు.

"ఎన్నాళ్ళే ఇలా? విప్పేవాళ్ళే లేరంట."

"నేను విప్పుతా."

"వద్దు. జైలంట. భుజం పోతుందని భయపడ్డాను. ఇప్పుడు రెండు చేతులూ పోయాయి."

కాశింబీ చెంగుతో అతని మూతి తుడిచింది. ఆ తర్వాత తన కళ్ళు.

మూడో రోజున నాగూర్ వలి ఇంట్లో ఉండలేక ఆసుపత్రికి పోయాడు. ఆఖరి మలుపులో ఆరడుగుల కమ్మి ఇంకా లేదు. సామాను అక్కడే ఉంది, రంపం కూడా. దానికి ఎవరూ ముద్ర వేయలేదు. యంత్రానికి వేయాలని ఉత్తర్వులో లేదు మరి. అక్కడ వామనమూర్తిగారు మెట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు, పక్కన ఖాళీ క్యారేజీ. ఆయనకి ఇంకా ఏ శాఖా దొరకలేదు.

"నాగూర్ భాయ్," అన్నారు తల వంచుకుని. "మూడు రోజులనుంచి నాకూ ముద్ద దిగట్లేదు."

అతను జవాబు చెప్పేలోగా కిందినుంచి మనుషులొచ్చారు. కోటేశ్వరి అని, నెలలు నిండిన పిల్ల, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కమ్మి వెంబడి చకచకా ఎక్కింది. కమ్మి ఆగిపోయిన చోట ఆగిపోయింది. పైకి చూసి, "అమ్మా, నేను పడతానే," అంది. నొప్పులు మొదలయ్యాయి. కాలు మాత్రం కదపదు. పైనుంచి సువార్తమ్మ సిస్టర్ "రా తల్లీ, నేనున్నా" అంటూ దిగొచ్చినా ఆ పిల్ల రెయిలింగు కొస వదలదు.

నాగూర్ వలి చేతుల మూట వైపు చూసుకున్నాడు. తర్వాత వామనమూర్తిగారి వైపు చూశాడు. అతనేం చూస్తున్నాడా అని ఆయన వెనక్కి తిరిగి చూసి, అక్కడెవరూ లేరని గ్రహించారు.

"నేనా? నేను పర్యవేక్షకుణ్ణి..."

"కాదు సార్. ఆఫీసు లేదుగా," అన్నాడు నాగూర్ వలి. "రంపం తియ్యండి. పైపు మీద నల్లగీత నేను పెట్టిందే. గీత మీద ఆనించండి. నొక్కకండి, దాని బరువే దాన్ని కోస్తుంది."

వామనమూర్తిగారు కళ్ళు మూసుకుని మీట నొక్కారు. "కళ్ళు తెరవండి సార్!" తెరిచారు. సన్నటి రజను రాలుతోంది. పట్టీ పైపులోకి మెత్తగా దిగిపోయింది. ముక్క ఠంగున మెట్టు మీద పడింది. కోసిన అంచు అద్దంలా మెరుస్తోంది. ఆయన దాన్ని వేలితో తడిమి, మళ్ళీ తడిమి, చిన్నపిల్లాడిలా నవ్వేశారు.

నాగూర్ వలి చెబుతుంటే ఆయనే బోల్టులు బిగించారు. కోటేశ్వరి కొత్త కమ్మిని అటూ ఇటూ ఊపి చూసింది. కదల్లేదు. పట్టుకుని, ఒక్కొక్క మెట్టే, పైకి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

మూడు గంటల తర్వాత లోపల కేర్ మని ఏడుపు వినిపించింది. సువార్తమ్మ సిస్టర్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, అప్పుడే చూసినట్టు నాగూర్ వలి చేతుల దగ్గర ఆగింది. జేబులోంచి కత్తెర తీసింది.

"అమ్మా, అది ప్రభుత్వ ముద్ర! ఆరు నెలలు!" అన్నారు వామనమూర్తిగారు.

"ఇది ఆసుపత్రి," అంది సిస్టర్. "ఇక్కడ మనిషి ఒంటి మీద గుడ్డ చుట్టి ఉంటే దాన్ని కట్టు అంటారు. ఎవరు కట్టినా విప్పేది నేను."

కసక్కున ఒకటే కోత. టేపు, గుడ్డ, లక్క, గుండ్రటి ముద్ర అన్నీ కలిసి దూది చెత్తబుట్టలో పడ్డాయి. నాగూర్ వలి వేళ్ళు ముడిచాడు, తెరిచాడు. చెయ్యి మెల్లగా పైకెత్తాడు. భుజం దాటి, చెవి దాటి, తలదాకా లేచింది. నొప్పి లేదు. పనిలేని మూడు రోజుల్లో అరిగిన భుజం కాస్త కుదుటపడినట్టుంది. "సిస్టర్, లేచింది!" అన్నాడు. ఈ మాట ఇంటికెళ్ళి కాశింబీకి చెప్పాలని రెండు మెట్లు దిగాడు గూడా.

"నాగూర్ భాయ్!"

వెనక్కి తిరిగాడు. వామనమూర్తిగారు రంపాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడ్డారు.

"ఇంకో పైపు ఉందా? కొలత లేకపోయినా ఫర్వాలేదు."